స్కాట్స్‌డేల్ కలెక్టర్ కార్ల వేలం: చూడటానికి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరగకముందే అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో పాత కార్ల వేలాలు మొదలవుతాయి. చాండ్లర్, గిల్బర్ట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకి ఇది అరగంట, ముప్పావుగంట ప్రయాణం. కారు కొనే ఆలోచన లేకుండా, కేవలం చూడటానికి వెళ్లేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది.

కొనే ఉద్దేశం లేకపోయినా లోపలికి రానిస్తారా?

రానిస్తారు. బ్యారెట్-జాక్సన్, మేకమ్ లాంటి పెద్ద వేలాలకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రేక్షకులే. సాధారణ ప్రవేశ టికెట్ కొంటే చాలు. అమ్మకానికి పెట్టిన కార్లన్నీ దగ్గరగా చూడొచ్చు, వేలం హాలులో కూర్చోవచ్చు. బిడ్డర్లకి, అంటే వేలం పాడేవాళ్లకి మాత్రం వేరే నమోదు ఉంటుంది. అందులో గుర్తింపు పత్రంతో పాటు డబ్బు కట్టగలరని బ్యాంకు ఇచ్చే హామీ లాంటివి అడుగుతారు. వేదిక ముందున్న కుర్చీలు వాళ్లవి. ఆ కొద్ది జాగా తప్పితే మిగతా ప్రాంగణమంతా మీరు తిరగొచ్చు.

ఆర్‌ఎం సదబీస్, గుడింగ్ లాంటి సంస్థల పద్ధతి వేరు. వాటిలో కొన్ని వేలాలకి కేటలాగ్ కొంటేనే ప్రవేశం, సాధారణంగా ఒక కేటలాగ్‌కి ఇద్దరు. ముందురోజు ప్రదర్శనకి మాత్రం విడి టికెట్ దొరుకుతుంది. కార్లు చూడటమే మీ పని అయితే ఆ ప్రదర్శన టికెట్టే సరిపోతుంది.

అదే వారంలో రెండు మూడు వేలాలు ఉంటాయి కదా, దేనికి వెళ్లాలి?

మొదటిసారి అయితే బ్యారెట్-జాక్సన్‌కే వెళ్లండి. 1971 నుంచి వేలాలు నడుపుతున్న సంస్థ ఇది, స్కాట్స్‌డేల్ వేలం వెస్ట్‌వరల్డ్ మైదానంలో జరుగుతుంది. వారం పైన సాగే పెద్ద జాతర. 1960లు, 70ల నాటి అమెరికన్ మజిల్ కార్లు (పెద్ద ఇంజిన్ పెట్టిన వేగవంతమైన కార్లు), షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కార్లు, పాత పికప్ ట్రక్కులు, రెస్టోమాడ్‌లు ఎక్కువ. రెస్టోమాడ్ అంటే పాత బాడీ లోపల కొత్త ఇంజిన్, కొత్త బ్రేకులు, ఏసీ పెట్టి కట్టిన కారు. కార్లతో పాటు పాత పెట్రోలు పంపులు, నియాన్ బోర్డులు కూడా వేలం వేస్తారు. వాటి కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు.

ఫెరారీలు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డ్యూసెన్‌బర్గ్ విలాస కార్లు, రేసు చరిత్ర ఉన్న బండ్లు చూడాలంటే ఆర్‌ఎం సదబీస్ మేలు. కార్లు తక్కువ, గోల తక్కువ. ఒక్కో కారు దగ్గర పది నిమిషాలు నిలబడినా ఎవరూ తోయరు. రెండు రోజులు దొరికితే ఒకరోజు దీనికి ఇవ్వాలి.

ఏ రోజు వెళితే బాగుంటుంది? టికెట్ ఎంత?

వారం గడిచేకొద్దీ టికెట్ ధర పెరుగుతుంది. ఆఖరి శనివారానిదే అన్నిటికంటే ఎక్కువ. ఖరీదైన కార్లు ఆరోజే వస్తాయి, జనమూ ఆరోజే వస్తారు. బుధ, గురువారాలు ప్రేక్షకుడికి సరైన రోజులని మా అభిప్రాయం. శనివారం అమ్ముడుపోయే కార్లు అప్పటికే టెంట్లలో నిలబెట్టి ఉంటాయి కాబట్టి జనం ఒత్తిడి లేకుండా వాటినీ చూసేయొచ్చు. వాటి అమ్మకం తర్వాత ఇంట్లో టీవీలోనో ఫోన్‌లోనో చూసుకోవచ్చు.

వారం మొదట్లో కొన్ని రోజులు పిల్లల కార్యక్రమాలకి, ప్రదర్శనకి ఉంచుతారు. ఆ రోజుల్లో వేలం పెద్దగా ఉండకపోవచ్చు. టికెట్ కొనేముందు ఆరోజు వేదిక మీదకి కార్లు వస్తున్నాయో లేదో డాకెట్ (వేలం జాబితా) చూసి నిర్ధారించుకోండి. పార్కింగ్ రుసుము టికెట్‌లో కలిసి ఉండదని అనుకుని బయల్దేరడమే మంచిది.

డాకెట్ అంటే ఏమిటి? ముందుగా చదవాలా?

ఏ కారు, ఏ లాట్ నంబరు (వేలంలో ఆ కారుకి ఇచ్చిన సంఖ్య), ఏ రోజు అని చెప్పే జాబితా డాకెట్. వేలం సంస్థ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. తప్పకుండా చదవాలి. ఒక్కో కారు వేదిక మీద రెండు మూడు నిమిషాలే ఉంటుంది. ముందే తెలియకపోతే రోజంతా రంగులు, చప్పుళ్లు తప్ప ఏమీ గుర్తుండదు.

ఇలా చేయండి. మీరు వెళ్లే రోజు జాబితాలో పది కార్లు ఎంచుకోండి. ఒకే మోడల్‌వి రెండు మూడు ఉంటే మరీ మంచిది. ఒక 1969 షెవర్లే కమారో ఎనభై వేల డాలర్లకి, పక్కనే ఉన్న ఇంకొకటి రెండు లక్షలకి ఎందుకు పోతుందో అక్కడే అర్థమవుతుంది. లాట్ నంబర్లు కాగితం మీద రాసుకుని, ప్రతిదాని ఎదురుగా మీ అంచనా ధర వేయండి. ఇంటికి వచ్చాక అసలు ధరలతో పోల్చి చూస్తే ఆ రోజు నేర్చుకున్నది నిలుస్తుంది.

కొన్ని లాట్ నంబర్ల చివర పాయింట్ 1 అని ఉంటుంది. జాబితా సిద్ధమయ్యాక ఆలస్యంగా చేర్చిన కార్లు అవి. అచ్చయిన కేటలాగ్‌లో ఉండకపోవచ్చు, వెబ్‌సైట్‌లో చూడాలి.

ఎన్నింటికి చేరుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గేట్లు తెరిచేసరికి అక్కడ ఉండండి. మొదటి రెండు గంటలు వేలం హాలు వైపు వెళ్లకుండా కార్లు నిలిపిన టెంట్లలో తిరగండి. మధ్యాహ్నం దాటితే ఒక్కో కారు చుట్టూ నలుగురైదుగురు ఉంటారు, కిందికి వంగి చూడటానికి కూడా చోటుండదు.

ఆ తర్వాత స్టేజింగ్ లేన్లకి వెళ్లండి. వేదిక ఎక్కబోయే కార్లు వరసగా నిలబడే చోటు ఇది. మొత్తం ప్రాంగణంలో ప్రేక్షకుడు వదులుకోకూడని చోటు ఏదంటే ఇదే అంటాం. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ కారు ఇక్కడ స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ ఎంతసేపు తిప్పితే అందుకుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చిందా, ఐడిల్‌లో ఇంజిన్ నిలకడగా ఉందా, ఎవరైనా కారుని చేత్తో తోస్తున్నారా, అన్నీ కనిపిస్తాయి. నీలం పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. స్టార్ట్ చేసిన వెంటనే కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగుల దాకా అనుమానించాలి. అమ్ముతున్న యజమాని కూడా తరచుగా ఆ పక్కనే ఉంటారు. మర్యాదగా అడిగితే కారు కథ చెప్పడానికి చాలామంది ఇష్టపడతారు.

కారు దగ్గర నిలబడి ఏం చూడాలి?

మెరుపు చూసి తొందరపడొద్దు. ముందు కారు మూల దగ్గర నిలబడి పక్క భాగం పొడవునా చూపు సారించండి. టెంటు దీపాల ప్రతిబింబం బాడీ మీద తిన్నగా సాగితే రేకు పని బాగున్నట్టు. అలలుగా వంకర పోతే పెయింట్ కింద పుట్టీ ఉందని అనుకోవచ్చు. డోరుకీ ఫెండర్‌కీ (చక్రం మీది రేకు) మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో ఉందా చూడండి. అయితే కంపెనీ నుంచి వచ్చినప్పుడే ఆ కాలపు అమెరికన్ కార్ల సందులు అంత కచ్చితంగా ఉండేవి కావు. అతిగా చక్కగా ఉన్న సందులు రీస్టోరేషన్ చేసినవాడి పనితనాన్ని చూపిస్తాయి.

డోరు అంచు రబ్బర్ల మీద, అద్దం చుట్టూ ఉన్న సీల్ మీద బాడీ రంగు చిలికి ఉంటే, వాటిని విప్పకుండానే పెయింట్ కొట్టారు. వెనక చక్రాల వెనుక భాగం, ఫెండర్ల అడుగు, వినైల్ రూఫ్ (కప్పు మీద ప్లాస్టిక్ తొడుగు) ఉన్న కార్లలో వెనక అద్దం కింది అంచు, ఇవే తుప్పు మొదలయ్యే చోట్లు. పెయింట్ చిన్న బుడగల్లా లేచి ఉంటే లోపల రేకు తినేసిందని అర్థం.

మీటర్ రీడింగ్‌ని గుడ్డిగా నమ్మొద్దు. ఆ కాలపు అమెరికన్ కార్లలో ఎక్కువ వాటి ఓడోమీటర్‌కి ఐదు అంకెలే. 99,999 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 23,000 మైళ్లు అని కనిపిస్తున్న కారు 1,23,000 తిరిగి ఉండొచ్చు. బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవర్ సీటు అంచు, స్టీరింగ్ పట్టు చూసి మీరే తేల్చుకోండి.

టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు కొత్తగా ఉండి తేదీ పాతదైతే ఆ కారు చాలాకాలం కదలకుండా నిలబడి ఉందన్నమాట. అలా నిలిచిపోయిన కార్లలో బ్రేక్ హోసులు, కార్బురేటర్ గాస్కెట్లు, పెట్రోలు ట్యాంకు కూడా పని అడుగుతాయి.

చివరగా నేల చూడండి. కారు కింద అట్టముక్క గానీ ట్రే గానీ పెట్టి ఉంటే, దాని మీద పడిన చుక్కల రంగు చెబుతుంది: ఎరుపైతే గేర్‌బాక్స్ లేదా పవర్ స్టీరింగ్ ఆయిల్, ఆకుపచ్చైతే కూలెంట్, నలుపైతే ఇంజిన్ ఆయిల్.

ప్రతి బోర్డు మీదా "మ్యాచింగ్ నంబర్స్" అని రాస్తారు. అంటే?

ఈ బాడీతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజినే ఇప్పటికీ ఉందని చెప్పడం. 1968 మోడల్ నుంచి అమెరికన్ కంపెనీలు ఇంజిన్ మీద కారు విన్ (VIN, ఒక్కో కారుకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) నంబరులో కొంత భాగాన్ని ముద్ర వేస్తూ వచ్చాయి. షెవర్లే వి8లో అది ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కి ముందున్న చదునైన ప్యాడ్ మీద ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటే కంటితోనే చూడొచ్చు. అంతకుముందు కార్లలో చాలావాటికి ఈ ఆధారం ఉండదు. ఇంజిన్ పోతపోసిన తేదీలు (క్యాస్టింగ్ తేదీలు), దాన్ని బిగించినప్పటి అసెంబ్లీ కోడ్‌లు కారు తయారైన తేదీకి సరిపోతున్నాయా అని మాత్రమే చూడగలం.

పేరుకి, నంబరుకి మధ్య తేడా తెలిస్తే నకళ్లు సులభంగా పట్టుబడతాయి. 1969 కమారో విన్ చూస్తే ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నది తెలుస్తుంది గానీ, ఎక్కువ ధర పలికే ఎస్ఎస్ లేదా జెడ్28 రకమా అన్నది తెలియదు. బ్యాడ్జీలు బజారులో దొరుకుతాయి. అందుకే కాగితాలు లేని జెడ్28ని నిపుణులు అనుమానంగానే చూస్తారు. పాంటియాక్ జీటీఓలో 1966 నుంచి 1971 మోడల్ దాకా విన్ 242తో మొదలవుతుంది, 1964, 65 మోడళ్లలో ఆ సౌకర్యం లేదు. తొలితరం ఫోర్డ్ ముస్టాంగ్ విన్‌లో ఐదో అక్షరం ఇంజిన్‌ని చెబుతుంది. 289 హై పెర్ఫార్మెన్స్ (ఎక్కువ శక్తి ఉన్న వి8 ఇంజిన్) అని బోర్డు మీద రాసి, ఐదో అక్షరం కె కాకపోతే ఆ ఇంజిన్ తర్వాత పెట్టినదే.

1967 మోడల్ నుంచి వచ్చిన ఫోర్డ్‌లకి మార్టీ రిపోర్ట్, పాంటియాక్‌లకి పీహెచ్‌ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) పత్రాలు కారు పక్కన పెట్టి ఉంటే చదవండి. ఫ్యాక్టరీ రికార్డుల ప్రకారం ఆ కారు ఏ రంగులో, ఏ ఇంజిన్‌తో పుట్టిందో వాటిలో ఉంటుంది. ఎదురుగా ఉన్న ఎర్రకారు ఆకుపచ్చగా పుట్టిందని తేలడం మామూలే. రెస్టోమాడ్‌లకి ఈ గొడవ లేదు, అక్కడ చూడాల్సింది కట్టినవారి పేరూ, వెల్డింగ్ శుభ్రతా.

తాకొచ్చా? లోపల కూర్చోవచ్చా?

వద్దు. డోరు తెరవాలన్నా, బానెట్ ఎత్తాలన్నా పక్కనున్న యజమానినో సిబ్బందినో అడగాలి. ఎక్కువ గీతలు పడేది చేతుల వల్ల కాదు, బెల్టు బకిల్, జిప్పు, భుజాన వేలాడే బ్యాగు, మెడలోని కెమెరా వల్ల. వంగేముందు వాటిని వెనక్కి తిప్పుకోండి. కంపెనీ నుంచి వచ్చిన అసలు పెయింట్ ఒక్కసారే ఉంటుంది. పిల్లల చేతిలో ఐస్‌క్రీమ్ ఉంటే అది తినేదాకా టెంటు బయటే ఉండండి.

వేలం వేసేవారు అంత వేగంగా ఏం చెబుతారు? ఒక్క ముక్కా అర్థం కాదు.

రెండు అంకెలే వినండి. ఒకటి ఇప్పుడు చేతిలో ఉన్న ధర, రెండోది అడుగుతున్న ధర. మధ్యలో దొర్లేవన్నీ లయ కోసం వేసే మాటలు. "నలభై ఉంది, నలభై ఐదు ఎవరు" అన్న అర్థమే అంతసేపూ తిరుగుతుంది. పెద్ద తెరమీద అంకె కనిపిస్తూనే ఉంటుంది. పది నిమిషాలు తెర చూస్తూ వింటే చెవికి అలవాటవుతుంది.

బాలాపూర్ లడ్డూ వేలంలో లాగా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని తీరిగ్గా లెక్కపెడతారని ఎదురుచూడకండి. ఒక్క హెచ్చరిక, ఆ వెంటనే సుత్తి. సుత్తి పడిందంటే అమ్మకం అయిపోయినట్టే.

జనంలో నిలబడి అరుస్తూ చేతులూపేవాళ్లు రింగ్‌మెన్. బిడ్డర్ పక్కనే నిలబడి ఆయన్ని ఇంకొక మెట్టు ఎక్కించడం వాళ్ల పని. వాళ్ల ముఖం ఎటు తిరిగి ఉందో చూస్తే అసలు పోటీ ఎవరి మధ్య జరుగుతోందో తెలుస్తుంది.

రిజర్వ్, నో రిజర్వ్ అంటే?

రిజర్వ్ అంటే యజమాని ముందే చెప్పుకున్న కనీస ధర. అది రాకపోతే కారు అమ్మరు. అత్యధిక బిడ్ ఎంతవరకు వచ్చిందో ప్రకటించి కారుని బయటికి నడిపిస్తారు. నో రిజర్వ్ అయితే చివరి ధర ఎంతైనా కారు పోవాల్సిందే. అమెరికాలో ఇది వట్టి మాట కాదు: యూనిఫాం కమర్షియల్ కోడ్ (అమెరికా రాష్ట్రాల వాణిజ్య చట్టం) 2-328 సెక్షన్ ప్రకారం, రిజర్వ్ లేకుండా వేలానికి పెట్టి బిడ్లు పిలిచాక, తగిన సమయంలో ఒక్క బిడ్ అయినా వస్తే ఆ వస్తువుని వెనక్కి తీసుకోకూడదు.

బ్యారెట్-జాక్సన్‌లో అత్యధిక శాతం నో రిజర్వే. మేకమ్‌లో రెండూ ఉంటాయి. రిజర్వ్ ఉన్న కారు మీద పాట నడుస్తుండగా "రిజర్వ్ తీసేశాం" అన్న ప్రకటన వస్తే చెవులు నిక్కించండి. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్నవాళ్లు అప్పుడే చేయి ఎత్తుతారు.

ఎవరూ చేయి ఎత్తకుండానే ధర పెరుగుతోంది. మోసమా?

చాలాసార్లు కాదు. కొందరు ఫోన్‌లో, కొందరు ఇంటర్నెట్‌లో పాడుతుంటారు. హాలులో ఉన్న పాత కాపులు తల ఊపడం కూడా పక్కవాడికి తెలియదు. ఇవి కాక, రిజర్వ్ ఉన్న కారు మీద ఆ మొత్తం చేరేదాకా యజమాని తరఫున వేలం సంస్థే బిడ్లు వేయడం ఈ రంగంలో మామూలు, నిబంధనల్లో ముందే రాస్తారు. చెప్పకుండా యజమాని తరఫున బిడ్ తీసుకుంటే, కొన్నవాళ్లు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు అదే 2-328లో ఉంది.

పొరపాటున చేయి ఎత్తితే కారు నా మెడకి చుట్టుకుంటుందా?

చుట్టుకోదు. బిడ్డర్ నంబరు లేనివారికి అమ్మకం రాయరు. అయినా రింగ్‌మన్ మీ వైపు చూస్తున్నప్పుడు దూరంగా ఉన్న స్నేహితులకి చేయి ఊపకండి, పాట తెగిపోతుంది.

హాలులో విన్న ధర ఒకటి, మర్నాడు వెబ్‌సైట్‌లో ఇంకొకటి. ఎందుకు?

హాలులో విన్నది సుత్తి ధర. దాని మీద కొనుగోలుదారు వేలం సంస్థకి కట్టే బయ్యర్స్ ప్రీమియం కలిపి వెబ్‌సైట్‌లో వేస్తారు. 2013 జనవరిలో ఇదే స్కాట్స్‌డేల్‌లో 1966 బ్యాట్‌మ్యాన్ టీవీ ధారావాహికలోని అసలు బ్యాట్‌మొబైల్ కారు 42 లక్షల డాలర్లకి సుత్తి పడింది. పది శాతం కలిపితే 46.2 లక్షలు. రెండు అంకెలూ వార్తల్లో కనిపిస్తాయి, రెండూ నిజమే.

కొన్ని సంస్థలు ప్రీమియంని మెట్లుగా లెక్కిస్తాయి. 2018 ఆగస్టులో మాంటెరేలో ఆర్‌ఎం సదబీస్ అమ్మిన 1962 ఫెరారీ 250 జీటీఓ సుత్తి ధర 4.4 కోట్ల డాలర్లు. మొదటి రెండున్నర లక్షల మీద 12 శాతం, మిగతా మీద 10 శాతం కలిపితే 4,84,05,000. మీరే వేసి చూడండి, లెక్క సరిగ్గా కుదురుతుంది.

సేవా సంస్థల కోసం అమ్మే కార్ల లెక్క వేరు. 2020 జనవరిలో మొట్టమొదటి సి8 కార్వెట్, విన్ 001, ఇక్కడే 30 లక్షల డాలర్లు పలికింది. ఆ డబ్బు డెట్రాయిట్ పిల్లల కోసం పనిచేసే నిధికి వెళ్లింది. ఇలాంటి ధరని మార్కెట్ ధరగా ఎప్పుడూ తీసుకోవద్దు.

అక్కడ పలికిన ధరే ఆ మోడల్ విలువ అనుకోవచ్చా?

ఒక్క అమ్మకాన్ని పట్టుకుని అనుకోవద్దు. ఇద్దరికి ఒకే కారు మీద మనసు పడితే ధర ఆకాశానికి వెళ్తుంది, ఆ ఇద్దరిలో ఒకరు భోజనానికి లేస్తే నేలకి వస్తుంది. ఉదయం తొలి లాట్లలో, హాలు నిండకముందు, మంచి కార్లు తక్కువకి పోతుంటాయి. ఒకే మోడల్‌వి నాలుగైదు అమ్మకాలు, వాటి స్థితి, కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటేనే అంచనా కుదురుతుంది.

పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

హాయిగా వెళ్లొచ్చు. పెద్దవాళ్లకి నడక చాలా ఎక్కువని మాత్రం ముందే చెప్పండి. అవసరమైతే వీల్‌చెయిర్, స్కూటర్ సదుపాయం గురించి ముందురోజే కనుక్కోండి. 1975కి ముందటి కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే భాగం) ఉండదు, అందుకే స్టేజింగ్ లేన్లలో పెట్రోలు వాసన ఘాటుగా ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లని టెంటు వైపే ఉంచండి. చిన్నపిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్లు తప్పనిసరి. మైకులూ, సైలెన్సర్ లేని ఇంజిన్లూ కలిస్తే వాళ్లు బెదిరిపోతారు.

తిండి సంగతికొస్తే బర్గర్లు, బార్బెక్యూ ఎక్కువ, ధరలూ ఎక్కువ. శాకాహారులు ఇంట్లో కడుపునిండా టిఫిన్ చేసి బయల్దేరడం మంచిది. బయటి ఆహారాన్ని, పెద్ద బ్యాగుల్ని గేటు దగ్గర ఆపే అవకాశం ఉంది కాబట్టి ఆ ఏడాది నియమాలు టికెట్ పేజీలో చదవండి.

ఏం వేసుకోవాలి?

కాలికి అలవాటైన మెత్తటి బూట్లు. జనవరిలో ఫీనిక్స్ పగలు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నా, సూర్యుడు దిగాక చల్లబడుతూ తెల్లవారేసరికి ఏడెనిమిదికి పడిపోతుంది. ఎడారి కదా అని పల్చటి చొక్కాతో వచ్చినవాళ్లు రాత్రి టెంటులో వణుకుతారు. లోహపు గుండీలు లేని జాకెట్ తెచ్చుకోండి. చిన్న టార్చి, పెన్ను, ఫోన్ ఛార్జర్ జేబులో ఉండాలి.

కొన్న కారుని ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

దిగుమతికి డీజీఎఫ్‌టీ (భారత విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) షరతులున్నాయి. సుంకాలు, పన్నులు కలిస్తే కారు ధరతో పోటీపడతాయి. నమోదు సంగతైతే, 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన, వాణిజ్యేతర కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. వాటికి విఎ అక్షరాలున్న వేరే నంబరు వరస. కొత్త నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునర్నమోదుకి 5,000. రోజువారీ ప్రయాణాలకి నడపకూడదు.

స్కాట్స్‌డేల్ మాకు దూరం. ఇంకెక్కడ చూడొచ్చు?

ఫ్లోరిడాలో ఉంటే జనవరిలోనే కిసిమీలో జరిగే మేకమ్ వేలం, కార్ల సంఖ్యలో అన్నిటికంటే పెద్దది. మేలో ఇండియానాపొలిస్, మార్చిలో ఫీనిక్స్ పక్కనే గ్లెండేల్ కూడా మేకమ్‌వే. బే ఏరియా వాళ్లకి ఆగస్టులో మాంటెరే కార్ వీక్ ఉంది, శాన్ హోసే నుంచి గంటన్నర దూరం. అక్కడ వేలాల టికెట్లు ఖరీదు, హోటళ్లు ఇంకా ఖరీదు. పొద్దున్నే వెళ్లి వేలం ప్రదర్శన ఒక్కటి చూసి సాయంత్రానికి తిరిగి రావడం చవకగా అయ్యే పద్ధతి. ఆ వారం ఒకటో నంబరు హైవే మీద ట్రాఫిక్ గంటలకొద్దీ నిలిచిపోతుంది కాబట్టి ఉదయం ఏడు లోపు పట్టణం చేరేలా బయల్దేరండి.